ఆ కథ ఎవరితో చెప్పారు? – ఉపమానాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. (పిల్లల వేసవి బైబిలు పాఠశాల) తరగతులు ముగిసిన తరువాత గుంటూరు, విజయవాడ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యేసు ప్రభువు చెప్పిన ఉపమానాల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒకరి మాటల్లోనే ప్రశ్నను ఉంచాము. వాక్యభాగాల అంకెలు ఇచ్చాము కనుక బైబిలు దగ్గర పెట్టుకుని చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: ఉపమానాలు పామరులకు సులువుగా అర్థం కావడానికే ప్రభువు చెప్పారని ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పుతున్నాను. ఈ వేసవిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె మార్కు సువార్త 4:11, 12 తెరిచి, "వెలుపలివాళ్లు గ్రహించకుండా ఉండేటట్టు ఉపమానాలుగా చెబుతున్నానని ప్రభువే అన్నారు కదా టీచర్" అని అడిగింది. ఉపమానం అర్థం కావడానికా, కాకుండా పోవడానికా? పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలి?
– ఒక సండే స్కూలు ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ అమ్మాయి సరైన చోటే వేలు పెట్టింది. ఉపమానాలు బోధను సులభం చేయడానికి చెప్పిన ఉదాహరణలు మాత్రమే అనే మాట సగం నిజం. ఆవగింజ, పులిసిన పిండి, చేపల వల, తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చే స్త్రీ, ఇవన్నీ గలిలయ పల్లెల జనం రోజూ చూసేవే. అయితే కథలోని వస్తువులు తెలిసినవి కావడం వేరు, ఆ కథ తమ మీదికే వస్తోందని వినేవాళ్లు ఒప్పుకోవడం వేరు. మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు మాట్లాడుతున్నది ఈ రెండోదాని గురించి.

ముందుగా ఆ మాట ఎక్కడిదో చూడాలి. చూస్తూ కనుగొనరు, వింటూ గ్రహించరు అన్నది యెషయా 6:9, 10 లోని మాట. ఉజ్జియా రాజు మృతినొందిన సంవత్సరంలో దేవుడు యెషయాను పంపుతూ, నీవు చెబుతావు గాని వీళ్లు గ్రహించరు అని ముందే హెచ్చరించాడు. ఆ మాట విని యెషయా నోరు మూసుకోలేదు; హిజ్కియా కాలం దాకా రాజుల ఎదుటా జనం ఎదుటా చెబుతూనే వచ్చాడు. కాబట్టి ఆ వచనం ప్రవక్త నోట బయలుదేరిన మాటకు జనం మధ్య ఏ గతి పట్టబోతోందో చెబుతోందే తప్ప, మాటలు దాచిపెట్టమని ఆజ్ఞ ఇవ్వడం లేదు. మత్తయి ఇదే సందర్భాన్ని రాసేటప్పుడు, వాళ్లు చూస్తూ చూడకుండా ఉన్నారు గనుక ఉపమానరీతిగా బోధిస్తున్నానని ప్రభువు చెప్పినట్టు రాశాడు (13:13). మార్కు రాసిన తీరు దీనికంటే కటువుగా ఉందన్న సంగతిని పండితులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. ఆ కటుత్వాన్ని నున్నగా చేసి పిల్లలకు అప్పగించనక్కరలేదు. అయితే మార్కు సువార్తను ఆ రెండు వచనాల దగ్గర ఆపకుండా ముందుకు చదివించండి.

అదే అధ్యాయం 21, 22 వచనాల్లో, దీపాన్ని కుంచం కిందనో మంచం కిందనో పెట్టడానికి తీసుకురారు, దీపస్తంభం మీద పెట్టడానికే తెస్తారు, మరుగైనదేదీ బయటపడకపోదు అని ప్రభువే చెప్పారు. 33వ వచనంలో, వినేవాళ్లకు శక్తి ఉన్నంత మేరకు ఆయన ఇలాంటి ఉపమానాలతో బోధించారని ఉంది. ఆ తరువాత 8:17, 18 చూడండి. కన్నులుండి చూడరా, చెవులుండి వినరా అని ఈసారి ప్రభువు అడిగింది వెలుపలివాళ్లను కాదు, పడవలో తనతో కూర్చున్న శిష్యులను. ఇక 12వ అధ్యాయంలో ద్రాక్షతోట కాపుల కథ విన్న మతాధికారుల సంగతి మరీ గమనించవలసింది: ఆ ఉపమానం తమను గురించే చెప్పారని వాళ్లు గ్రహించారు, గ్రహించి, ఆయనను పట్టుకోవడానికి సమయం వెదికారు (12:12). అంటే లోపలివాళ్లనుకున్న శిష్యులకు అర్థం కాలేదు. వెలుపలివాళ్లకు చక్కగా అర్థమైంది. అర్థమైనా వాళ్లు మారలేదు. మార్కు చెబుతున్న గుడ్డితనం తెలివితేటలకు సంబంధించినది కాదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

ఉపమానం పనిచేసే తీరును పాత నిబంధనలోని నాతాను ప్రవక్త కథ తేటగా చూపిస్తుంది (2 సమూయేలు 12). దావీదు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించిన తరువాత నాతాను రాజు దగ్గరికి వచ్చి ఒక బీదవాడి ఫిర్యాదు వినిపిస్తున్నట్టుగా కథ చెప్పాడు. గొఱ్ఱెలూ పశువులూ లెక్కలేనన్ని ఉన్న ధనవంతుడు, తన ఇంటికి వచ్చిన అతిథి కోసం, ఒక పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒకే ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకుని వండించాడు. దావీదు కోపంతో ఆ పని చేసినవాడు మరణపాత్రుడని, గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు ఇవ్వాలని తీర్పు చెప్పాడు. తీర్పు రాజు నోటితోనే వెలువడ్డాక నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అపరాధిని న్యాయమూర్తి పీట మీద కూర్చోబెట్టి తన నేరాన్ని తానే విచారించుకునేలా చేయడం ఉపమానం పని. సూటిగా నిందించి ఉంటే రాజు దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. యేసు ప్రభువు కూడా కథ చెప్పి, చాలాసార్లు చివర ఒక ప్రశ్న అడిగి, జవాబును వినేవాడి నోటితోనే పలికించారు.

పిల్లలకు ఎలా చెప్పాలన్నారు కాబట్టి ఒక ఉపమానం తీసుకుని చూపుతాను. మత్తయి 18:21–35 లో, సోదరుడిని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగాడు. దానికి జవాబుగా ప్రభువు, రాజుకు పదివేల తలాంతులు బాకీపడిన దాసుడి కథ చెప్పారు. ఇక్కడ కథను ఆపి బోర్డు మీద లెక్క వేయించండి. ఒక దేనారం ఆ కాలంలో ఒక మనిషి రోజు కూలి. ఒక తలాంతు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల దేనారాలు. ఏడాదికి 300 రోజులు పనిచేసే కూలివాడు పూటకు తినకుండా దాచినా ఆ బాకీ తీరడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పిన ప్రకారం గలిలయ, పెరయ ప్రాంతాల నుంచి హేరోదు అంతిపకు ఏటా వచ్చిన ఆదాయం 200 తలాంతులు. అంటే ఈ దాసుడి బాకీ ఆ రాజుగారి 50 ఏళ్ల ఆదాయానికి సమానం. అంత బాకీ ఉన్నవాడు రాజు కాళ్ల మీద పడి, కొంచెం ఓర్చుకోండి, అంతా తీర్చేస్తానంటాడు! పిల్లలు తప్పకుండా నవ్వుతారు, నవ్వనివ్వండి. రాజు ఆ బాకీ అంతా కొట్టివేశాక, అదే దాసుడు బయటికి వచ్చి, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటిదాసుడి గొంతు పట్టుకుంటాడు. ఒక బాకీ రెండోదానికి 6 లక్షల రెట్లు. ఆ లెక్క వేసిన పిల్లలకు, ఏడుసార్లా అన్న పేతురు ప్రశ్న దగ్గరికి మళ్లీ వెళ్లమని చెప్పి మీరు ఊరుకోండి. "దీని నీతి ఏమిటంటే" అని మొదలుపెట్టకండి. కథలోంచి నీతిని పిండి పక్కన పెడితే మిగిలేది చెరకు పిప్పి. పిల్లలు ఆ పిప్పిని మరుసటి ఆదివారానికి మరిచిపోతారు.

ప్రశ్న: మా సంఘంలో ఒక ప్రసంగీకులు మంచి సమరయుని ఉపమానాన్ని వివరిస్తూ, గాయపడినవాడు ఆదాము, దొంగలు సాతాను, సమరయుడు క్రీస్తు, నూనె పరిశుద్ధాత్మ, పూటకూళ్ల ఇల్లు సంఘం అని చెప్పారు. రెండు దేనారాలంటే రెండు దినాలు, ప్రభువు దృష్టికి ఒక దినం వెయ్యేళ్లు గనుక ప్రభువు రెండువేల ఏళ్ల తరువాత తిరిగి వస్తారని కూడా చెప్పారు. విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. ఇంటికి వచ్చాక, వాక్యంలో ఇదంతా ఉందా అన్న అనుమానం పట్టుకుంది.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఆ వివరణలో మొదటి భాగం మీ ప్రసంగీకులు కల్పించింది కాదు, చాలా పాతది. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను, తనకంటే ముందటి పెద్ద ఒకరు చెప్పిన మాటగా, ఆ మనిషి ఆదాము, యెరూషలేము పరదైసు, యెరికో ఈ లోకం, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం అని వివరించాడు. హిప్పో బిషప్పు అగస్టీను ఇంకా ముందుకు వెళ్లి, పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు అని కూడా చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా సంఘం ఎక్కువగా ఈ దారినే నడిచింది. 16వ శతాబ్దంలో సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ ఈ వివరణ తనకు రుచించలేదని రాశాడు. 19వ శతాబ్దం చివర జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్, ప్రతి ఉపమానానికీ చెప్పదలచిన అంశం ఒక్కటే ఉంటుందని, వివరాలన్నిటికీ మారు అర్థాలు కట్టకూడదని వాదించాడు. ఆయన మాట నేటికీ వేదాంత కళాశాలల్లో వినిపిస్తూనే ఉంది.

ఆ వాదన కూడా అంతటా నిలవదు. విత్తువాని ఉపమానంలో పక్షులు, రాతినేల, ముండ్ల పొదలు దేనికి గుర్తో ప్రభువే చెప్పారు. గురుగుల (పైరులోని కలుపు) ఉపమానంలోనూ అంతే. కాపుల ఉపమానంలోని ద్రాక్షతోట ఇశ్రాయేలు అని యెషయా 5వ అధ్యాయం తెలిసిన ఏ యూదుడికైనా చెప్పకుండానే తెలుస్తుంది. తప్పిపోయిన కుమారుని కథలో చిన్నవాడు, పెద్దవాడు, తండ్రి ముగ్గురి దగ్గరా కథ ఆగి మాట్లాడుతుంది. కనుక వివరాలకు అర్థం ఉండడమే తప్పు అనలేము. ఏ వివరానికి అర్థం చెప్పవచ్చో, ఏ వివరాన్ని వివరంగానే వదిలేయాలో నిర్ణయించేది ఏమిటన్నదే ప్రశ్న. నాకు తెలిసిన నమ్మదగిన దారి ఒకటే: ప్రభువు ఆ కథ ఎవరితో చెప్పారు, ఏ మాటకు జవాబుగా చెప్పారు అని ముందు చూడడం.

లూకా 10:25–37 తెరవండి. అడిగింది ధర్మశాస్త్రోపదేశకుడు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను అన్న ఆజ్ఞ అతనికి కంఠస్థం. తాను నీతిమంతుడినని కనబరచుకోవాలని, "నా పొరుగువాడెవడు?" అని అడిగాడు. అంటే ప్రేమించవలసినవాళ్ల జాబితా ఎక్కడితో ముగుస్తుందో చెప్పమన్నాడు. దానికి జవాబు ఈ కథ. ఈ ప్రశ్నకు పరిశుద్ధాత్మ సూచనలతోనూ, రెండువేల ఏళ్ల లెక్కతోనూ సంబంధం ఏమీ లేదు.

ఆ దారి వినేవాళ్లందరికీ తెలిసిందే. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉంది. మధ్య దూరం సుమారు 27 కిలోమీటర్లు, అంతా ఎడారి కొండల మధ్య దిగుడు దారి. దొంగలు పొంచి ఉండడానికి అనువైన చోటు. యాజకుడు వచ్చాడు, పక్కగా వెళ్లిపోయాడు. ఆలయ సేవ చేసే లేవీయుడు వచ్చాడు, చూసి వెళ్లిపోయాడు. యాజకుడు, లేవీయుడు అన్న తరువాత మూడోవాడు ఇశ్రాయేలు సామాన్యుడై ఉంటాడని వినేవాళ్లు అనుకుంటారు, ఆ వరుస వాళ్లకు అలవాటైనదే. అక్కడ సమరయుడు వచ్చాడు. పొరుగు ప్రాంతమైన సమరయలో ఉండే సమరయులకూ యూదులకూ మధ్య ఉన్న పగ ఆనాటికే పాతబడినది. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని పడగొట్టాడు. అంత దూరం ఎందుకు, లూకా సువార్తలోనే ఒక అధ్యాయం వెనక్కి తిప్పితే, సమరయుల గ్రామం ఒకటి ప్రభువును చేర్చుకోకపోతే ఆకాశం నుంచి అగ్ని దిగివచ్చి వాళ్లను నాశనం చేయమని ఆజ్ఞాపించమంటారా అని యాకోబు, యోహాను అడిగారు (9:52–54). ఆ శిష్యులు ఈ కథ వింటూ పక్కనే ఉండి ఉంటారు.

ఇక లూకా ఎక్కడ ఆగి, ఎక్కడ త్వరగా సాగిపోయాడో గమనించండి. యాజకుడికి ఒక వచనం, లేవీయుడికి ఒక వచనం, సమరయునికి మూడు వచనాలు. అతడు జాలిపడ్డాడు, దగ్గరికి వచ్చాడు, గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లి పరామర్శించాడు, మరునాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. నూనె, ద్రాక్షారసం ఆ కాలంలో గాయాలకు వాడే మందులు. రెండు దేనారాలు రెండు రోజుల కూలి, ఒక మనిషి కొన్నాళ్లు తిని పడుకోవడానికి చాలే సొమ్ము. ఈ వివరాలు ప్రేమకు ఎంత ఓపిక, ఎంత ఖర్చు, ఎంత సమయం పడుతుందో చూపించడానికి ఉన్నాయి. వాటికి గూఢార్థం కట్టిన మరుక్షణం ఆ ఖర్చు మన కళ్లకు కనబడకుండా పోతుంది.

నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. సమరయుడు క్రీస్తు మాత్రమే అయితే నేను గాయపడి పడి ఉన్నవాణ్ణి అవుతాను. నాకు చేయవలసిన పని ఏమీ ఉండదు. ఒళ్లు పులకరించి ఇంటికి వెళ్లవచ్చు. కాని ప్రభువు ఆ ధర్మశాస్త్రోపదేశకునితో చివర అన్న మాట "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అని. క్రీస్తు మన పట్ల చూపిన కనికరం ఈ కథలో మనకు గుర్తుకు రావడంలో తప్పు లేదు, రావాలి కూడా. అయితే ఆ జ్ఞాపకం ఆజ్ఞను మింగివేయకూడదు. మన జాతీయ రహదారి మీద ప్రమాదంలో పడినవాడి చుట్టూ గుమిగూడి ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లు పోలీసు కేసు భయం అంటారు. సాయం చేసినవారికి రక్షణ కల్పించే 134ఎ సెక్షన్ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరింది కనుక ఆ సాకు ఇప్పుడు చెల్లదు. ఇంతకంటే కష్టమైన అన్వయం మరొకటుంది. ఒకే ఊళ్లో ఒక పేటకు ఒక చర్చి, మరో పేటకు మరో చర్చి ఉండి, ఒకరి ఇంటి పెళ్లికి మరొకరు భోజనానికి కూర్చోని చోట్లు కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో మనం ఎరగనివి కావు. అలాంటి ఊళ్లో ఈ ఉపమానం మీద ప్రసంగించేవారు నూనె అర్థం, నాణేల అర్థం చెప్పి ముగిస్తే, ప్రభువు పెట్టిన ప్రశ్న నుంచి సంఘాన్ని తప్పించినట్టే. మనకు సమరయుడు ఎవరు, అతని చేతి సాయం మనం అందుకోగలమా, అతని గాయాలకు మనం కట్టు కట్టగలమా అని అడిగే ప్రసంగం కావాలి.

రెండువేల ఏళ్ల లెక్క సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు తండ్రి తప్ప ఏ మనిషీ ఎరగడని ప్రభువే చెప్పారు (మార్కు 13:32). దేవుడు చెప్పనిదాన్ని పూటకూళ్లవాడి చేతిలోని నాణేల నుంచి లాగడం వాక్యాన్ని గౌరవించడం కాదు. మీ అనుమానం సరైనదే. మీ ప్రసంగీకులతో నెమ్మదిగా, ఏకాంతంగా మాట్లాడండి, పదిమందిలో నిలదీయకండి.

ప్రశ్న: ధనవంతుడు, లాజరు కథలో పేరు చెప్పారు కాబట్టి అది ఉపమానం కాదు, నిజంగా జరిగిన సంగతి అని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఉపమానాల్లోని పాత్రలలో, ఈ కథలోనే వచ్చే అబ్రాహామును మినహాయిస్తే, పేరు ఉన్నవాడు లాజరు ఒక్కడే, అది నిజం. అయితే పేరు ఉండడం ఒక్కటే అది జరిగిన సంగతి అనడానికి సాక్ష్యం కాదు. లూకా 16:1 లో గృహనిర్వాహకుని ఉపమానం "ఒక ధనవంతుడు" అంటూ ఎలా మొదలైందో, 16:19 కూడా అలాగే మొదలవుతుంది. ఎక్కువమంది వ్యాఖ్యాతలు దీన్ని ఉపమానంగానే చదువుతారు. ఎవరితో చెప్పారో 14వ వచనం చెబుతోంది: ధనాపేక్ష కలిగి, డబ్బు గురించి ప్రభువు చెప్పిన మాటను అపహసించిన పరిసయ్యులతో (యూదుల్లో ధర్మశాస్త్ర నిష్ఠ గల వర్గం). అందుకే ఈ కథలో ఊదారంగు బట్టలు కట్టుకున్నవాడికి పేరు లేదు, అతని వాకిట కురుపులతో పడి ఉన్న పేదవాడికి పేరు ఉంది. పాతాళం ఎంత లోతు, మధ్యనున్న అగాధం ఎంత వెడల్పు అని ఈ భాగం నుంచి పటాలు గీసేవారు, వాకిట్లో ఉన్నవాడిని దాటిపోతున్నారు.

ప్రశ్న: నేను మిరప రైతును. కోతల కాలంలో ముఠా మేస్త్రి ద్వారా కూలీలను పిలిపిస్తాము. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పొద్దున్నుంచి పనిచేసినవాళ్లకూ, సాయంత్రం అయిదు గంటలకు వచ్చినవాళ్లకూ ఒకే దేనారం ఇచ్చాడు. నేను అలా చేస్తే మర్నాటి నుంచి పొద్దున్నే ఎవరూ రారు, మేస్త్రి నాతో తగాదాకు వస్తాడు. పగలంతా ఎండలో చేసినవాళ్లు సణగడంలో తప్పేముంది? ప్రభువు అన్యాయాన్ని సమర్థించినట్టు కాదా?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, ఈ ఉపమానాన్ని వినవలసినట్టు విన్నవారు మీరు. వినేవాళ్లకు ఒళ్లు మండాలనే ప్రభువు దాన్ని అలా చెప్పారు. చాలామంది ప్రసంగీకులు "అయిదు గంటలకు వచ్చినవాడు అంత్యకాలపు విశ్వాసి" అని చెప్పి త్వరగా ముగిస్తారు; కూలి ఇచ్చిన ఎవరికైనా కలిగే మీ కోపాన్ని వాళ్లు దాటవేస్తారు.

మళ్లీ అదే అడుగుతాను: ఎవరితో చెప్పారు? ఒక అధ్యాయం వెనక, 19:27లో, మేము సమస్తమును విడిచిపెట్టి నిన్ను వెంబడించితిమి, మాకేమి దొరుకుతుంది అని పేతురు అడిగాడు. ఉపమానం ముగిసిన కొద్ది వచనాలకే, 20:20, 21లో, జెబెదయి కుమారుల తల్లి వచ్చి, తన ఇద్దరు కొడుకులను నీ రాజ్యంలో కుడిపక్కన ఒకరిని, ఎడమపక్కన ఒకరిని కూర్చోబెట్టమని అడిగింది. ముందు వచ్చినవాళ్లకు ఎంత ఎక్కువ ఇస్తావు అన్న రెండు విన్నపాల మధ్య ఈ కథ ఉంది. ఇది కూలి రేట్లు నిర్ణయించే కథ కాదు; ముందుగా పిలుపు అందుకున్న శిష్యులు తరువాత వచ్చేవాళ్లను ఏ కళ్లతో చూడబోతున్నారన్నదాని గురించిన కథ.

ఇప్పుడు కూలి ఇచ్చే చోటికి రండి. చివర వచ్చినవాళ్లు మొదలుకొని మొదట వచ్చినవాళ్ల వరకు ఇవ్వమని యజమాని గృహనిర్వాహకునికి చెప్పాడు (8వ వచనం). వరుస ఇలా తిప్పకపోతే కథే లేదు. పొద్దున్నే వచ్చినవాళ్లకు ముందు ఇచ్చి ఉంటే, ఒప్పుకున్న దేనారం చేత పట్టుకుని సంతోషంగా ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. అన్యాయం జరిగిందన్న తలంపే వాళ్లకు వచ్చేది కాదు. వాళ్లను నిలబెట్టి, పక్కవాడి చేతిలో పడిన నాణేన్ని చూసేలా చేశాడు. అప్పుడే వాళ్లకు తమ దేనారం తక్కువైనట్టు కనిపించింది. వాళ్ల ఫిర్యాదు కూడా సొమ్ము తక్కువైందని కాదు, "వారిని మాతో సమానము చేసితివే" అన్న అర్థం వచ్చే మాట. యజమాని జవాబు మన బైబిలులో మన ఊరి మాటలాగే ఉంటుంది: నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా? ఆ ప్రశ్నకు వాళ్లు ఏం చెప్పారో మత్తయి రాయలేదు.

అన్యాయం సంగతి. మొదటివాళ్లకు ఒప్పుకున్న కూలి పూర్తిగా అందింది, సాయంత్రానికే అందింది. కూలివాడు బీదవాడు గనుక సూర్యుడు అస్తమించకముందే అతని కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:14, 15 ఆజ్ఞాపిస్తోంది. ఆ యజమాని ఆ ఆజ్ఞను తూచా తప్పకుండా పాటించాడు. పొలాలు కోసినవాళ్ల కూలి బిగబట్టితే ఆ కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4 కూడా హెచ్చరిస్తోంది. రైతుగా మిమ్మల్ని కట్టడి చేసే వాక్యాలు ఇవి. ఒప్పుకున్న రేటు, సకాలంలో చెల్లింపు విషయంలో మీరు సరిగ్గా ఉంటే మిమ్మల్ని అన్యాయస్థుడని ఈ ఉపమానం అనదు. రేపటి నుంచి అందరికీ ఒకే కూలి ఇవ్వమని కూడా అది ఆజ్ఞాపించడం లేదు.

అయినా ఒక మాట మీ దృష్టికి తేవాలి. అయిదు గంటలకు అంగట్లో నిలబడి ఉన్నవాళ్లు సోమరులని మనం అనుకుంటాము. ఎందుకు పని లేకుండా నిలిచారని అడిగితే, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అన్నారు వాళ్లు. పొద్దున్న, తొమ్మిది గంటలకు, పన్నెండు గంటలకు, మూడు గంటలకు ఎవరో ఒకరు వచ్చి బలమైనవాళ్లను ఏరుకుని పోగా మిగిలినవాళ్లు వాళ్లు. వాళ్ల పిల్లలకూ ఆ రాత్రి తిండికి కావలసింది దేనారంలో పన్నెండో వంతు కాదు, పూర్తి దేనారమే. మీ ఊళ్లోనూ కోతల ముఠా కట్టేటప్పుడు, చేయి వేగంగా సాగదని మేస్త్రి పక్కన పెట్టే వయసు మళ్లిన స్త్రీలు ఉంటారు. ఈ ఏడు కోతల ముందు మేస్త్రిని ఆ పేర్లు అడిగి, వాళ్లలో ఒకరిద్దరిని తాలు కాయలు ఏరే పనికైనా పిలవమని చెప్పండి. వాళ్లకు ఎంత ఇవ్వాలన్నది మీ సొమ్ము, మీ ఇష్టం. ఆ ద్రాక్షతోట యజమాని అన్నదీ అదే.